బాకీలేని కాగితం

గుత్తి. మార్చి ఆఖరు.
కొండమీద కోట రాయి పొద్దున తొమ్మిదికే కాలిపోతాంది.
ఆఫీసులో గుమాస్తా సౌరయ్య పచ్చ కాగితం చేతికిచ్చి
"ఐదు సంతకాలు తెచ్చుకో, అప్పుడే సర్టిఫికెట్టు" అన్నాడు.
నాలుగేండ్ల సెమినరీ
అరచేతిలో ఇమిడే ఐదు గళ్ళు.

లైబ్రరీ గడి మొదట.
ఎప్పుడూ తెరవని వ్యాఖ్యానాలు రెండు తిరిగిచ్చినా.
హీబ్రూ నిఘంటువులో చింతపండు మరక
నాది కాదని చెప్పబోయి ఊరుకున్నా.
నాదే.
పరీక్ష ముందు రాత్రి పుల్లగా ఏమన్నా చప్పరిస్తే గాని
ఆ అక్షరాలు కుడినుంచి ఎడమకు నడిచేవి కావు.
పదకొండు రూపాయల జరిమానా, రశీదుతో సహా.

మెస్సు గడికి సుంకమ్మ వేలిముద్ర పనికిరాదంట,
మేనేజరు సంతకం కావాల.
ఆమె మాత్రం గంగాళం తోముతా అడిగింది,
"అయ్యగారివి అయిపోయినావా నాయనా?"
కాలేదు సుంకమ్మా.
మొదటి ఏడు జొరమొచ్చిన పది దినాలు
రాగి గంజిలో ఉప్పు సరిచూసి నువ్వు మెట్లెక్కి తెచ్చినప్పుడు
నేను మంచి కాపరి గురించి నోట్సు రాసుకుంటాంటి,
తల కూడా ఎత్తకుండా.

ప్రార్థన గది తాళం ఎజ్రా దగ్గరుంది.
వాడింకో ఏడు ఉండాల.
ఇద్దరికీ ఒకే గది, ఒకే బకెట్టు,
ట్యాంకరు రాని నాలుగు దినాలు
ఒక్క చెంబు నీళ్ళతో రెండు మొహాలు.
డిసెంబరునుంచి వానికి ప్రార్థన రావడం లేదు.
నాకొక్కనికే చెప్పినాడు,
రాత్రి గూడ్సు బండి జంక్షను దాటేదాకా ఆగి
ఆ చప్పుడు మాటున.
నేను వెంటనే ఏదో వాక్యం తీసిచ్చినా
తలనొప్పికి మాత్ర ఇచ్చినట్టు.
"సరేలే" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.
అయినా దినామూ తెల్లారుజాము ఐదుకి గంట కొట్టింది వాడే.
నమ్మకం ఉన్నోళ్ళం మేమంతా దుప్పటి కింద ఉంటిమి.

ప్రిన్సిపాలు హనోకు అయ్యవారు కళ్ళజోడు తుడుచుకుంటా
"ఏం నేర్చుకుంటివయ్యా ఇక్కడ?" అన్నారు.
అడగాల్సిన ప్రశ్నే. చెప్పాల్సిన జవాబే చెప్పినా.
ఆయన సంతకం పెట్టినారు.
చెప్పనిది రాళ్ళవంక గురించి.

ఆగస్టులో, నన్ను ఆదివారాలు పంపే పల్లె.
మూడు దినాల బిడ్డ. సబ్బుల అట్టపెట్టె.
పేరు పెట్టక ముందే పోయింది.
ఆరాధన క్రమంలో పేరు చదవాల్సిన చోట
చుక్కలు, చుక్కలు, చుక్కలు.
అక్కడ ఆగిపోయినా.
పార పట్టుకున్నాయన నా నోటికల్లే చూస్తాండాడు.
అవ్వ సంతోషమ్మ కొంగు తలమీదికి లాక్కొని
"బిడ్డ అను అయ్యా, చాలు.
ఆయనకు తెలుస్తాదిలే" అనింది.
బిడ్డ అన్నా.
తిరిగొచ్చేటప్పుడు సేరు చెనిక్కాయలు మూట కట్టిచ్చింది.
బస్సులో అన్నీ తినేసినా.
సిగ్గుగా ఉండింది, ఆకలిగానూ ఉండింది.

మధ్యాన్నానికి గళ్ళన్నీ నిండినాయి.
సౌరయ్య ముద్ర గట్టిగా గుద్దినాడు:
ఇతడు ఎవరికీ ఏమీ బాకీ లేడు.

ట్రంకు పెట్టె ఒక చెవి వాడు, ఒక చెవి నేను,
బస్టాండు దాకా మాట లేదు.
కడప బస్సు కదలబోతాంటే
ఎజ్రా కిటికీ ఊచ పట్టుకున్నాడు.
నాకోసం ప్రార్థన చెయ్ అంటాడనుకున్నా.
"గంట తాడు చీకిపోయింది రా,
వీళ్ళకు చెప్తే ఇనరు.
ఈసారి వచ్చేటప్పుడు మంచిది పట్టుకురా."

తాడిపత్రి దాటినాక
జేబులో చెమటకు మెత్తబడిన కాగితం తీసి
వెనక ఖాళీ పక్కన రాసుకున్నా:
జనప తాడు. ఎనిమిది మూరలు.